జిన్నా దాచిన ఎక్స్‌రే

1948 జూన్‌లోగా ఇండియాను వదిలిపెడతామని బ్రిటన్ ప్రధాని అట్లీ ప్రకటించారు. వైస్రాయ్‌గా మౌంట్‌బాటన్ వచ్చి ఆ గడువును పది నెలలు ముందుకు లాక్కొచ్చారు. తన ఎదుట కూర్చుని పాకిస్తాన్ తప్ప మరో మాట ఎత్తని మహమ్మదలీ జిన్నా ఊపిరితిత్తులను అప్పటికే క్షయ తినేస్తోందని ఆయనకు తెలియదు. నెహ్రూకూ పటేల్‌కూ తెలియదు.

తెలిసినవాళ్లలో ఒకరు బొంబాయి పార్సీ డాక్టరు జాల్ పటేల్. 1946లో తీసిన ఎక్స్‌రే సంగతి ఆయన గడప దాటనివ్వలేదు. మరొకరు అన్న వెన్నంటే ఉన్న ఫాతిమా. క్షయ అంటే మనవాళ్లు మదనపల్లె శానటోరియానికి పరుగెత్తే రోజులవి. అప్పట్లో దానికి అసలు మందు విశ్రాంతి. జిన్నాకు కుదరనిది అదే. పైగా రోజుకు యాభై దాకా సిగరెట్లు!

ఇంత గుట్టు ఒక్కరోజులో అబ్బేది కాదు. మిత్రుడు సర్ దిన్షా పెటిట్ కూతురు రతన్‌బాయిని 1918లో పెళ్లాడినప్పుడు జిన్నాకు నలభై దాటాయి, ఆమెకు పద్దెనిమిది. ఆ కాపురంలోని ఒంటరితనం బయటపడింది జిన్నా నోటి నుంచి కాదు, హైదరాబాద్‌లోని సరోజినీ నాయుడు ఇంటికి, ముఖ్యంగా సరోజిని కూతురు పద్మజకు, రతన్‌బాయి రాసుకున్న ఉత్తరాల్లో. 1929లో సరిగ్గా తన ఇరవై తొమ్మిదో పుట్టినరోజున ఆమె కన్నుమూసింది. సమాధి దగ్గర జిన్నా వెక్కివెక్కి ఏడ్చారని చూసినవాళ్లు రాశారు. ఆ తర్వాత ఆయన కన్నీళ్లు లోకానికి కనిపించింది బహు తక్కువ. కూతురు దీనా పార్సీ కుటుంబంలో పుట్టిన నెవిల్ వాడియాను చేసుకున్నాక ఆమెతోనూ ఎడం పెరిగింది.

జబ్బు సంగతి ముందే తెలిసి ఉంటే వ్యవహారం మరోలా నడిపేవాణ్నని మౌంట్‌బాటన్ తర్వాత చెప్పుకున్నారు. ఈ మాటను పూర్తిగా నమ్మలేం. 1945-46 ఎన్నికల్లో కేంద్ర శాసనసభ ముస్లిం స్థానాలు ముప్పయ్యీ జిన్నా నడిపిన ముస్లిం లీగ్‌వే. 1946 ఆగస్టులోనే మతకల్లోలాల్లో కలకత్తా తగలబడింది. ఒక్క మనిషి పోయినంత మాత్రాన ఆరే మంట కాదది. అయితే ఎదుటివాళ్లకు తెలిస్తే కాలయాపన చేస్తారన్న లెక్క జిన్నాకు లేదనుకోవడం అమాయకత్వం. ఆ గుట్టుకు మూల్యం చెల్లించింది మాత్రం కొత్త దేశం పాకిస్తానే. గవర్నర్ జనరల్ ఆయనే, రాజ్యాంగ సభ అధ్యక్షుడూ ఆయనే. అంతా ఆయనే అయిన చోట ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న అడిగేవాడు లేడు.

1948 వేసవికి జిన్నా బలూచిస్తాన్ కొండల్లోని జియారత్ చేరారు. అక్కణ్నుంచి క్వెట్టాకు తరలించబోతే పైజామాలో రానని పట్టుబట్టి సూటు తొడిగించుకున్నారు. అప్పటికి బరువు దాదాపు 36 కిలోలు. సెప్టెంబరు 11న విమానంలో కరాచీ తెచ్చారు. విమానాశ్రయం నుంచి వస్తుండగా అంబులెన్స్ దారిలో మొరాయించింది. ఎండ, ఉక్క, ముఖం మీద ముసిరే ఈగలు. ఫాతిమా పక్కనే విసురుతూ కూర్చున్నారు. మరో అంబులెన్స్ రావడానికి గంట పైనే పట్టింది. ఆ రాత్రే జిన్నా చనిపోయారు.

వారసుడిగా ఖ్వాజా నజీముద్దీన్ గవర్నర్ జనరల్ పీఠం ఎక్కింది సెప్టెంబరు 14న. అంతకు ముందురోజే, ఆ పీఠం ఇంకా ఖాళీగా ఉండగానే, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయారు.