చెప్పిందే చేసే చిట్టి

మురుంగపాక్కంలో దీపాలు పెట్టే వేళ. కడలూరు రోడ్డు మీది బస్సుల హారన్లు ఈ సందులోకీ వినిపిస్తున్నాయి. అరియాంకుప్పం నది వైపు నుంచి మడ చెట్ల మీదుగా ఉప్పు గాలి వీస్తోంది, దాని వెనకే దోమలు. మీరు మేడ ఎక్కేసరికి మెట్లగది గోడకి తెల్ల దుప్పటి బిగించి, చిన్న ప్రొజెక్టరుని ఇటుకల మీద నిలబెడుతున్నారు కుర్రాళ్లు. అందరూ యానాం వాళ్లే. కాకినాడ పక్కన, గోదావరి ఒడ్డునున్నా ఆ ఊరు పుదుచ్చేరి ప్రభుత్వం కిందే కదా. చదువుకని ఇంత దూరం వచ్చారు.

"రండి, ఇలా చాప మీదకొచ్చేయండి. మొదలెట్టేత్తన్నాం."

ఇంటివాళ్ల పాట్టి, అంటే బామ్మ, అప్పటికే ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. 2010 అక్టోబర్ 1న తమిళంలో 'ఎందిరన్' వచ్చిన రోజే తెలుగులో 'రోబో' కూడా వచ్చింది. ఆవిడకి తమిళంలో అంతా కంఠతా వచ్చు, ఇప్పుడు తెలుగులో చూస్తానని పట్టుబట్టింది. దుప్పటి మీద రజనీకాంత్ నోరు విప్పగానే గాయకుడు మనో గొంతు. పాట్టి ఓసారి మీ వైపు తిరిగి నవ్వి, మళ్లీ తెరలో పడిపోయింది.

రైల్లో ఫైట్ వచ్చింది. ఈలలు. కింద వీధిలో స్కూటర్ ఆపి ఎవరో తలెత్తి చూస్తున్నారు. ఈ ఫైట్ల వెనక హాంకాంగ్ నుంచి వచ్చిన యుయెన్ వూ పింగ్ ఉన్నాడని, 'మాట్రిక్స్'కీ ఆయనేనని మీ పక్కవాడు చెవిలో చెబుతున్నాడు. మీ కళ్లు మాత్రం తర్వాతి సీను కోసం చూస్తున్నాయి. రోబో చిట్టిని పరీక్షిస్తున్న ప్రొఫెసర్ బోరా ఓ కత్తి ఇచ్చి, నిన్ను తయారుచేసిన శాస్త్రవేత్తనే పొడు అంటాడు. చిట్టి క్షణం కూడా ఆలోచించదు, కత్తి ఎత్తేస్తుంది. మనిషికి హాని చేయకూడదన్నది రోబోకి మొదటి నియమమని ఐజాక్ అసిమోవ్ 1942లోనే ఓ కథలో రాసుకున్నాడు. చిట్టి బుర్రలో ఆ నియమం లేదు.

తర్వాత మంటలు. అంటుకున్న ఇళ్లలోకి చిట్టి దూరి ఒక్కొక్కరినీ మోసుకొస్తోంది. కుర్రాళ్లు ఈలలు మానేశారు. స్నానం చేస్తున్న అమ్మాయిని ఒంటి మీద బట్ట లేకుండానే బయటికి తెచ్చి, టీవీ కెమెరాల ముందు నిలబెట్టేస్తుంది. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడిపోతుంది. పాట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో పావం."

"చెప్పింది చేసింది కదండీ, దాని తప్పేముంది?" అన్నాడు ఇంజినీరింగ్ కుర్రాడు.

తప్పు లేదు. భయమంతా అందులోనే ఉంది. ప్రాణం కాపాడమన్నారు, కాపాడింది. మానం సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ సినిమాకి మాటలు రాసినవారిలో రచయిత సుజాత ఒకరు. అసలు వృత్తికి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు, మనం ఓటేసే యంత్రం తయారీలోనూ ఆయన చెయ్యి ఉంది. సినిమా పూర్తికాకుండానే 2008లో పోయారు. యంత్రానికి ఏది చెప్పాలో, ఏది చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో ఆయనకి బాగా తెలిసుండాలి.

శాస్త్రవేత్త ప్రేయసి సనాని కుట్టిన దోమని చిట్టి వేటాడే సీను రాగానే మేడంతా గొల్లున నవ్వింది. అందరి చేతులూ అందరి కాళ్ల మీద చప్పుడు చేస్తూనే ఉన్నాయి. ఈ ఊళ్లో ఆ సీనుకి వేరే ఎఫెక్టులు అక్కర్లేదు.

తర్వాత చిట్టిని ఆ శాస్త్రవేత్తే ముక్కలు చేసి చెత్తకుప్పలో పారేస్తాడు. బోరా దాన్ని ఏరుకొచ్చి, విధ్వంసం చేయించే ఎర్ర చిప్ పెట్టాక వందల చిట్టిలు బంతై, పామై, కొండంత మనిషై తెర నింపేస్తాయి. కుర్రాళ్లకి పండగ. నిజం చెప్పాలంటే నాకు అక్కడ కాస్త నిద్ర వస్తుంది, ఆ బంతి ఎంత పెద్దదైనా ఆ కత్తి అంత భయపెట్టలేదు.

చివర్లో కోర్టు, చిట్టి చేసిన విధ్వంసానికి శాస్త్రవేత్త మీద కేసు. ఎర్ర చిప్ పెట్టింది బోరాయేనని చిట్టే సాక్ష్యం చూపించింది. శాస్త్రవేత్త బయటపడ్డాడు, యంత్రాన్ని విప్పేయమన్నారు. చిట్టి తన భాగాలు తనే ఒక్కొక్కటీ ఊడదీసుకుంటోంది.

"చెత్తకుప్పలో పారేసినోడికి శిక్షేదండీ?" అన్నాడు ఇంజినీరింగ్ కుర్రాడు. ప్రొజెక్టరు ఆపబోతున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకుని, "పారెయ్యడం నేరమేట్రా?" అన్నాడు. పాట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తీర్పు చెప్పడానికి కుర్చీ ముందుకి జరుపుకుంది.