గేరు మార్చు వేళ

గేరు నెప్పుడు మార్చవలెనను ప్రశ్న మోటారు సైకిలు పుట్టిన తొలినాళ్లలో లేనేలేదు. ఏలయన నాటి బండ్లలో అనేకములకు మార్చుటకు గేర్లే లేవు. ఇంజను బలమును వెనుక చక్రమునకు ఒక్క బెల్టు కొనిపోయెడిది. క్లచ్చియు లేనందున చోదకుడు బండితో పాటు పరుగెత్తి, ఇంజను అందుకొనగనే ఎగిరి కూర్చుండవలసి వచ్చెడిది. ఎత్తు తగిలినప్పుడు పెడళ్లు త్రొక్కి ఇంజనునకు తోడ్పడుట, అదియు చాలకున్న దిగి నెట్టుట, ఇవియే ఉపాయములు.

ఈ స్థితిని మార్చిన ఘనత ఒక కొండది. ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమ సముద్రములోనున్న మాన్ దీవిలో 1907లో ఆరంభమైన టూరిస్టు ట్రోఫీ పందెమును, 1911లో నిర్వాహకులు స్నేఫెల్ పర్వతపార్శ్వము మీదుగా పోవు 37 మైళ్లకు పైబడిన మార్గమునకు మార్చిరి. ఒకే గేరుతో ఆ ఆరోహణము దుస్సాధ్యము. ఆ యేడు సీనియర్ పందెమున గొలుసులును రెండు గేర్లును కలిగిన అమెరికా దేశపు ఇండియన్ బండ్లు మొదటి మూడు స్థానములను గైకొనగా, ఆలివర్ గాడ్‌ఫ్రే విజేత అయ్యెను. గేర్లు అనావశ్యకమైన ఆడంబరమన్న వాదము అటుపై నిలువలేదు.

అయితే గేరు వచ్చినంతనే కష్టము తీరలేదు. పెట్రోలు ట్యాంకు ప్రక్కనున్న కర్రను చేతితో లాగవలెను. అనగా కొండమలుపున, ఇంజను గొంతు బరువెక్కు ఆ క్షణముననే, ఒక చేయి హేండిలును విడువవలెను. ముందుగా మార్చినచో వేగము వ్యర్థము. ఆలసించినచో ఇంజను ఆగును. తొందరలో లాగినచో కర్ర కోరిన గేరును దాటిపోవును. తగిన సమయమును చెవి తెలిపినను చేయి అందుకొనలేని దురవస్థ అది. స్కాట్ బండ్లు అంతకు మునుపే రెండు గేర్లను కాలితో మార్చుచుండెననుట న్యాయము; కాని చిక్కును నిశ్శేషముగా విప్పినవాడు బర్మింగ్‌హాములోని వెలోసెట్ సంస్థకు చెందిన హెరాల్డ్ విల్లిస్. 1928 ప్రాంతమున ఆయన కల్పించిన అమరికలో, పాదము నొక్కిన ప్రతిసారియు గేరు ఒక్క మెట్టు మాత్రమే జరుగును. మీట వెంటనే తన చోటికి మరలివచ్చును. చోదకుడు ఏ గేరులోనున్నాడో వెదకనక్కరలేదు. చేతులు రెండును హేండిలు మీదనే యుండును.

1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ కర్మాగారమునుండి వచ్చిన బుల్లెట్టు ఈ కాలిమీటనే కుడివైపున ధరించి మన రోడ్ల కెక్కినది: మొదటి గేరు పైకి, తక్కినవి క్రిందికి, మడమతో నొక్కిన న్యూట్రలు. 70 మిల్లీమీటర్ల వ్యాసమునకు 90 మిల్లీమీటర్ల పిస్టను నడక గల ఆ ఇంజను మందగతిలోనే బలమునిచ్చును గనుక, దానిని నడుపువారు త్వరత్వరగా పై గేరునకు పోయి నెమ్మదిగా లాగించుట కలవాటుపడిరి. 1980లలో జపాను సహకారముతో వచ్చిన నూరు సీసీ బండ్లు ఎడమకాలిని అడిగినవి. ఆ చిన్న ఇంజనులు మరింత తిరిగిన గాని బలమునీయవు గనుక, ఎత్తు రాకమునుపే గేరు తగ్గింపుమనినవి. చిరకాలము బుల్లెట్టు నడిపినవారికి పాదమే గాక చెవియు మరల శిక్షణ పొందవలసి వచ్చినది.

ఇంజనుల శక్తిని పెంచినవారిని చరిత్ర విరివిగా కీర్తించినది. కాని ఆ శక్తిని వేళకు వినియోగించు స్వాతంత్ర్యమును సామాన్య చోదకునకు ప్రసాదించిన విల్లిస్ మీటకే నేను అగ్రస్థానమిత్తును.