బొమ్మ దిద్దిన చెయ్యి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాని వెనక ఎనభై ఏళ్ల చరిత్ర కూడా ఉంది. తప్పు చేశాకే నాకు ఆ చరిత్ర తెలిసింది.

నేను శివకాశిలో ముప్పై నాలుగేళ్లు ప్రింటింగ్ పనిలో ఉన్నానని మీలో చాలామందికి తెలుసు. కేలండర్లు, అగ్గిపెట్టె లేబుళ్లు, పటాకుల డబ్బాల మీద బొమ్మలు. అచ్చు వెయ్యడం కాదు, అచ్చుకి ముందు జరిగే పని నాది. ఫిల్ము మీద సూదిమొనంత రంధ్రాలు పడితే ఒపేక్ ఇంకు పెట్టి మూసెయ్యాలి. లక్ష్మీదేవి చెంప మీద మరక పడితే బ్రష్షుతో తీసెయ్యాలి. కంప్యూటర్లు వచ్చాక అదే పని ఫోటోషాప్‌లో చేశాం. మా వాళ్లు దీన్ని టచింగ్ అంటారు. మరక ఎక్కడ ఉండేదో చూసినవాడు కనిపెట్టలేకపోతే అది మంచి టచింగ్. ఆ పనిలో నాకు పేరుండేది. దాచుకోవడం ఎందుకు, గర్వం కూడా ఉండేది.

రెండేళ్ల కింద దీపావళికి మా అక్క కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. జీవకణాల మీద పరిశోధన చేస్తోంది. ఐదేళ్ల పనినంతా ఒక పేపరుగా రాసి, విదేశంలో ఉన్న ఒక సెల్ బయాలజీ జర్నల్‌కి పంపే హడావిడిలో ఉంది. ఆ జర్నల్ పేరు, ఆమె చదివే చోటు పేరు ఇక్కడ రాయను. "మామా, ఈ బొమ్మలు అచ్చులో సరిగ్గా వస్తాయా, చుక్కల లెక్క సరిపోతుందా చూసిపెట్టవా" అని లాప్‌టాప్ నా ముందు పెట్టి, మురుకులు కాల్చడానికి వంటింట్లోకి వెళ్లింది.

అందులో ఒకటి వెస్టర్న్ బ్లాట్ అనే రకం బొమ్మ. కణంలోని ప్రోటీన్లను బరువును బట్టి జెల్లులో విడదీసి, పల్చటి పొర మీదికి ఎక్కించి, మనకి కావలసిన ప్రోటీను ఎక్కడుందో నల్లటి పట్టీలుగా కనపడేలా చేస్తారట. మూడో వరుస పక్కన, పట్టీలకి దూరంగా, బూడిదరంగు మరక ఒకటి నా కంటికి కనపడింది. ఇక చెయ్యి ఊరుకుంటుందా. క్లోన్ స్టాంపుతో నాలుగు నొక్కులు నొక్కాను, మరక మాయం. సేవ్ చేశాను. ఆ సంగతి చెప్పను కూడా చెప్పలేదు. పెళ్లి ఫోటోలో గోడ మీది బల్లిని తీసేస్తే ఎవరికైనా చెప్తామా?

పేపరు వెళ్లింది. సమీక్షకులు ముగ్గురు అడిగిన ప్రశ్నలకి నాలుగు నెలలు కూర్చుని జవాబులు రాసింది, రెండు ప్రయోగాలు మళ్లీ చేసింది. అంగీకారం వచ్చింది, అక్క ఇంట్లో పాయసం కూడా చేసింది. ఆ తర్వాతి వారం జర్నల్ నుంచి ఉత్తరం. ఫలానా బొమ్మలో ఫలానా చోట వెనక భాగం మార్చినట్టు కనపడుతోంది, అసలు ఫిల్ము పంపండి, అంతవరకు పేపరు ఆపుతున్నాం అని. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. రాత్రి పదకొండున్నరకి నాకు ఫోను చేసింది. "మామా, నువ్వు ఆ రోజు ఏమైనా ముట్టుకున్నావా?"

ముట్టుకున్నాను.

నాకు మొదట కోపమే వచ్చింది. పట్టీ మీద చెయ్యి వెయ్యలేదు, కొత్తది పెట్టలేదు, పక్కన ఉన్న మురికి తీశాను, అంతే కదా, దీనికింత రాద్ధాంతమా అన్నాను. ఆమె నాతో వాదించలేదు. చదవమని కొన్ని పాత పేపర్లు పంపింది. రిటైరైన మనిషిని, టైము ఉంది, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

కణాల సంగతి మొదట్లో ఫోటోల మీద కాదు, చేతితో గీసిన బొమ్మల మీద నడిచింది. మైక్రోస్కోపులో చూసినవాడే గీసేవాడు. ఇటలీలో కెమిల్లో గోల్గి నరాల కణాలకి వెండి ఉప్పుతో నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌లో కహాల్ అదే పద్ధతిని మెరుగుపరిచి వాడాడు. గోల్గి గీసిన దాంట్లో నరాలన్నీ ఒకే వలగా అల్లుకుని ఉన్నాయి. కహాల్ గీసిన దాంట్లో ఏ కణానికి ఆ కణం విడిగా ఉంది. ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గోల్గి తన వలనే సమర్థించుకున్నాడు. నిజం కహాల్ వైపు ఉందని తర్వాత తేలింది. అదే గోల్గి 1898లో కణం లోపల చూసిన ఇంకొక వల మాత్రం నిజమైనదే. కానీ అది నిజంగా ఉందా, రంగు వెయ్యడంలో పుట్టిన మరకా అని యాభై ఏళ్లు కొట్టుకున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకే ఆ తగువు తీరింది. చూశారా, మరకా నిజమా అన్నదే వాళ్ల శాస్త్రంలో సగం తగువు. నేను మురికి అనుకుని తుడిచేసినది మురికే అని నాకెవరు చెప్పారు?

ఇక నాకు బాగా నచ్చిన ఘట్టం. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆల్బర్ట్ క్లాడ్, కీత్ పోర్టర్ అనే ఇద్దరు పనిచేసేవాళ్లు. కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలని వాళ్ల ఆశ. యంత్రం వాళ్ల దగ్గర లేదు. ఆ ఊళ్లోనే ఇంటర్‌కెమికల్ అనే కంపెనీలో ఒకటి ఉంది, దాన్ని నడిపేది ఎర్నెస్ట్ ఫుల్లమ్. ఆ కంపెనీ అసలు వ్యాపారమేమిటో తెలుసా? ప్రింటింగ్ ఇంకులు! మా వృత్తివాళ్ల యంత్రం మీదే ఆ పని జరిగిందని చదివి లేచి నిలబడ్డాను. కోడి పిండం నుంచి తీసిన కణాలని పల్చటి ప్లాస్టిక్ పొర మీద పెంచి, ఆస్మియం ఆవిరి పట్టించి, ఆ పొరని ఒలిచి, ఆరబెట్టి ఫోటో తీశారు. అప్పటికి కణాన్ని ఈ యంత్రానికి సరిపడేంత పల్చటి పొరలుగా కోయడం చేతకాలేదు. కాబట్టి అంచుల్లో తనంతట తానే పల్చగా పరుచుకునే కణాలనే ఎంచుకున్నారు. ముగ్గురి పేర్లతో ఆ పేపరు 1945లో వచ్చింది. కణం అంచుల్లో లేసు అల్లికలాంటిది ఒకటి మసకగా కనపడింది. తర్వాత పోర్టర్ దానికి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని పేరు పెట్టాడు. ఇప్పుడు మన పిల్లలు ప్లస్ టూలో బట్టీ పట్టేది దాన్నే. 1974లో క్లాడ్‌కి, పాలాడేకి, డి డ్యూవ్‌కి నోబెల్ వచ్చింది. పోర్టర్‌కి రాలేదు. ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ పేపరు అచ్చయింది ఒక వైద్య పరిశోధన పత్రికలో, ఎందుకంటే కణాల ఫోటోలకంటూ వేరే చోటు లేదు. ఈ కొత్త ఫోటోలకి మంచి కాగితం కావాలి, సన్నటి చుక్కల స్క్రీను కావాలి. ముతక స్క్రీను వేస్తే అచ్చు చుక్కల్లో కణం చుక్కలు కలిసిపోతాయి, ఏది ఏదో తెలియదు. ఈ బాధ మాకు కొత్త కాదు. 1955 జనవరిలో రాక్‌ఫెల్లర్ సంస్థ కొత్త పత్రిక మొదలుపెట్టింది, పోర్టర్, పాలాడే ఇద్దరూ దాని సంపాదకుల్లో ఉన్నారు. నోరు తిరగని పొడవైన పేరు దానికి. 1962లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ అని మార్చుకున్నారు.

ఆ రోజుల్లో పేపరు పంపడమంటే టైపు కొట్టిన కాగితాలతో పాటు ఫోటోల మెరిసే ప్రింట్లు, వంగకుండా అట్టల మధ్య పెట్టి పోస్టు చెయ్యడం. ఇన్ని రెట్లు పెద్దదని బొమ్మ కింద రాయడం కన్నా బొమ్మ మీదే ఒక గీత గీసి, ఈ గీత పొడవు ఇంత అని రాయడం మేలు. అచ్చులో బొమ్మ చిన్నదైతే గీత కూడా దానితో పాటు చిన్నదవుతుంది, లెక్క తప్పదు. దాన్ని స్కేల్ బార్ అంటారు, ఇప్పటికీ అది లేకుండా పంపితే వెనక్కి వస్తుంది. చీకటి గదిలో వెలుగు నీడలు కాస్త సర్దడం అప్పుడూ ఉంది. కానీ ఒక పట్టీని మాయం చెయ్యాలంటే మాలాంటి పనివాడు కావాలి. శాస్త్రజ్ఞుడికి ఆ బ్రష్షు పట్టడం రాదు.

1990లో ఫోటోషాప్ వచ్చింది. ఆ బ్రష్షు అందరి చేతికీ వచ్చింది.

2002లో అదే జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో మైక్ రోస్నర్ అనే మేనేజింగ్ ఎడిటర్, అంగీకరించిన ఒక పేపరులోని బొమ్మ సరైన ఫార్మాట్‌లో లేదని తానే మారుస్తుంటే, పట్టీలు దిద్దినట్టు కనపడింది. అప్పటినుంచి అంగీకారం పొందిన ప్రతి పేపరులో ప్రతి బొమ్మనీ తెరిచి చూడడం మొదలుపెట్టారు. పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అటూ ఇటూ తిప్పితే, మన కంటికి నున్నగా కనపడే వెనక భాగంలో అతుకులు బయటపడతాయి. నా నాలుగు నొక్కులు దొరికింది ఇలాగే. 2004లో ఆయన యమడాతో కలిసి బొమ్మల దిద్దుబాటు మీద ఒక వ్యాసం రాశాడు, అందులోని నియమాలనే తర్వాత చాలా పత్రికలు తీసుకున్నాయి. బొమ్మలో ఏ ఒక్క భాగాన్నీ విడిగా పెంచకూడదు, మరుగుపరచకూడదు, కదపకూడదు, తీసెయ్యకూడదు, చేర్చకూడదు. వెలుగు మార్చాలంటే బొమ్మ మొత్తానికి ఒకేలా మార్చాలి, అదీ ఉన్నదేదీ కనపడకుండా పోనంతవరకే. వేర్వేరు చోట్లవి పక్కపక్కన పెడితే మధ్యలో గీత గీసి అది కనపడనివ్వాలి. మా వృత్తిలో అతుకు కనపడడం సిగ్గు. అక్కడ అతుకు కనపడకపోవడమే నేరం.

వాళ్ల లెక్కలో తేలిందేమిటంటే, అంగీకరించిన పేపర్లలో నాలుగో వంతు దాకా కనీసం ఒక బొమ్మ మళ్లీ తయారు చెయ్యాల్సి వచ్చింది. మోసం అని తేల్చి అంగీకారం రద్దు చేసినవి నూటికి ఒకటి మాత్రమే. అంటే ఎక్కువమంది నాలాంటి శుభ్రం పిచ్చివాళ్లే. అలాగని ఆ ఒక్కటిని తక్కువ చెయ్యలేం. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అనే ఆయన రోగుల నుంచి పదకొండు మూలకణ వరుసలు తయారు చేశానని 2005లో ప్రకటిస్తే ప్రపంచం చప్పట్లు కొట్టింది. వేర్వేరు అని చూపిన ఫోటోలు ఒకటేనని బయటపడి, 2006 జనవరిలో ఆ పేపరు వెనక్కి తీసుకున్నారు. ఎన్ని కుటుంబాలు దాని మీద ఆశ పెట్టుకున్నాయో. 2016లో ఎలిజబెత్ బిక్ అనే ఆవిడ 20,621 పేపర్లు కంటితోనే జల్లెడ పట్టి, సుమారు 3.8 శాతంలో అనుమానపు బొమ్మలున్నాయని చూపించింది.

ఇవన్నీ చదివాక నాకు నిద్ర పట్టలేదు. అసలు ఫిల్ము పారేసి ఉంటే మా పిల్ల గతేమిటి? ఆ నూటికి ఒకటిలో పడేది. అదృష్టం, ఆమె తేదీ వేసి, నోట్‌బుక్ పేజీ నంబరు రాసి ప్రతి ఫిల్మూ దాచింది. అదే రాత్రి అసలుది స్కాన్ చేసి పంపింది. జర్నల్‌కి రాసిన ఉత్తరంలో వెనక భాగంలోని మరకని తుడిచిన మాట నిజం, అలా చెయ్యకూడదు, పొరపాటు నాది అని రాసింది. "నాది అని ఎందుకు రాశావు, మా మామ చేశాడని రాయొచ్చు కదా" అన్నాను. "పేపరు మీద పేరు నాది మామా, పంపేముందు చూసుకోవలసిందీ నేనే" అంది. ఆ బొమ్మ మళ్లీ తయారు చేసి, వాళ్లు మిగతా బొమ్మల అసళ్లు కూడా అడిగితే ఇచ్చి, పేపరు బయటికి వచ్చేసరికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

ఐదు నెలలేగా అనకండి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోండి. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్‌లో ఫిస్కేతో పనిచేసిన ఆయన, కణానికి శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్న పేపరు సైన్స్ పత్రికలో వచ్చింది 1929 అక్టోబరులో. జర్మనీలో లోమన్ పేపరు అదే ఏడు ఆగస్టులో వచ్చేసింది. తేడా రెండు నెలలు. ఇవాళ చాలా పుస్తకాల్లో లోమన్ పేరే ముందు ఉంటుంది. మా పిల్ల పేపరు ఆగి ఉన్న ఐదు నెలలూ రోజూ పొద్దున్నే లేచి, ఇంకో చోట ఇదే పని ఎవరైనా అచ్చు వేశారేమోనని వెతుక్కునేదట. ఎవరూ వెయ్యలేదు. ఆ సంగతి నాకు చెప్పింది అక్క, ఆమె కాదు.

మన ఇళ్లలో పరిశోధన చేసే పిల్లలున్న వాళ్లకి ఒక మాట. హోసూరు, బెంగళూరు, పూణే, బరంపురం, ఎక్కడున్నా సరే, వాళ్ల లాప్‌టాప్‌లో బొమ్మ అందంగా లేదని మీరు చెయ్యి పెట్టకండి. ఇంగ్లీషు దిద్దండి, టీ పెట్టివ్వండి. అసలు ఫైళ్లు రెండు చోట్ల దాచమని చెప్పండి, కావాలంటే హార్డ్ డిస్కు కొనివ్వండి.

మొన్న దీపావళికి మళ్లీ వచ్చింది. రెండో పేపరు తయారవుతోంది. "స్కేల్ బార్లు అన్ని బొమ్మల్లోనూ ఒకే మందంలో ఉన్నాయా చూడు మామా, కానీ చేతులు వెనక్కి కట్టుకుని చూడు" అంది. మా ఆవిడ నవ్వింది. చేతులు వెనక్కి కట్టుకునే చూశాను. మూడో బొమ్మ ఎడమ మూలలో బియ్యపు గింజంత బూడిద మరక ఉంది. అది ఇంకా అక్కడే ఉంది.