ఈదడం మానిన చిట్టెలుక: విషాదమా, వివేకమా?



గోదావరి తీరంలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు పెద్దలు తప్పక చెప్పే మాట ఒకటుంది: "అలసిపోతే చేతులు కొట్టుకోకురా, వెల్లకిలా తేలు." ఒక శాస్త్రచరిత్ర చదువుతుండగా ఈ మాట జ్ఞప్తికి వచ్చి ఈ టపా వ్రాస్తున్నాను.

మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే యువ పరిశోధకుడు ఎలుకలకు అండాశయ సారాన్ని సూదితో ఎక్కించాడు. వాటి అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కృశించింది, కడుపులో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని సంబరపడ్డాడు. కాని ఫార్మలిన్ ఎక్కించినా అదే ఫలితం! చలిలో ఉంచినా అంతే. కారణాలు వేరైనా దేహమిచ్చే జవాబు ఒక్కటేనని గ్రహించి, 1936 జులైలో 'నేచర్' పత్రికలో చిన్న లేఖగా ప్రకటించాడు. ఆ స్థితికే తరువాత 'స్ట్రెస్' అన్న పేరు స్థిరపడింది. మన 'ఒత్తిడి' అదే.

ఆపద కలిగినప్పుడు మెదడు పంపిన కబురు పిట్యూటరీ ద్వారా అధివృక్క గ్రంథులకు చేరుతుంది. అప్పుడు రక్తంలోకి మనుషులలో ప్రధానంగా కార్టిసాల్, చిట్టెలుకలలో కార్టికోస్టెరాన్ వెలువడతాయి. కొద్దిసేపైతే అది ప్రాణరక్షకం. వారాల తరబడి తగ్గకపోతే చిట్టెలుక వెలుతురులోకి రావడానికి జంకుతుంది, తీపినీటిపై మక్కువ కోల్పోతుంది.

1977లో ఫ్రాన్సులో రోజర్ పోర్సోల్ట్ మరో పరీక్ష రూపొందించాడు. చిట్టెలుకను నీళ్ళున్న గాజుపాత్రలో వదిలితే, తొలుత పెనుగులాడి, పిమ్మట తల మాత్రం పైకుంచి కదలక తేలుతుంది. దానిని ఆయన 'నిరాశ' అన్నాడు. విషాదానికిచ్చే మందులు వేస్తే ఎక్కువసేపు పెనుగులాడింది. అలా అది మందులను వడగట్టే జల్లెడ అయింది.

ఇక్కడే నాకు 1986 ఆగస్టు వరద గుర్తుకు వస్తుంది. మా లంక మునిగింది. మా నాన్నగారు రోజుల తరబడి గట్టుమీద మాటాపలుకూ లేక కూర్చున్నారు. "మనిషి డీలాపడ్డాడు" అన్నారు ఊరివారు. నేనూ అదే అనుకున్నాను. నీరు తీసిన మర్నాడు ఆయన పార పుచ్చుకుని లేచారు. అడిగితే, "నీరు తియ్యకుండా ఏం చెయ్యగలంరా? ఓపిక దాచుకున్నాను" అన్నారు. అదే గట్టుమీద, అలాగే కూర్చున్న మరొక పెద్దమనిషి మాత్రం మళ్ళీ కోలుకోలేదు. చూసేవారికి ఇద్దరూ ఒక్కలాగే కనిపించారు.

చిట్టెలుక నిశ్చలత కూడా నిరాశ కాదనీ, తప్పించుకునే దారి లేదని తెలుసుకుని శక్తిని పొదుపు చేసుకోవడమేననీ పలువురు పరిశోధకులు వాదించారు. 2024లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ పరీక్షను చట్టంతో నిషేధించింది.

తెలుగు పండితుణ్ణి గనుక ఒక్క మాట. పోర్సోల్ట్ వాడినది రూపకం. నేటి శాస్త్రజ్ఞులు 'విషాదం వంటి ప్రవర్తన' అని వ్రాస్తున్నారు. అది ఉపమ. 'వంటి' అనే ఆ చిన్న ఉపమావాచకం, ఎలుక మనసు మనకు తెలియదని ఒప్పుకుంటున్నది.

మనుషుల విషయంలో మనకు అంతకంటె సులువైన దారి ఉంది: అడగవచ్చు. నాన్నగారిని నేను అడిగింది ఆయన లేచిన తరువాత. ఆ రెండవ పెద్దమనిషిని అసలు అడగనే లేదు.