దేహం మద్రాసుకు, స్మృతి సీమకు: గుత్తిలో మన్రో స్మారకాలు

ఆంగ్ల గ్రామీణ సంప్రదాయంలో చర్చి, శ్మశానవాటిక ఒకే ఆవరణలో ఉంటాయి. ప్రార్థనకు వచ్చే గ్రామస్థులు తమ పూర్వికుల సమాధుల నడుమ నుంచే లోపలికి వెళతారు. అందువల్ల అక్కడ చర్చి ఆరాధనాస్థలమే కాక ఊరి స్మృతికి నెలవు కూడా. ఈ సంప్రదాయం అనంతపురం పీఠభూమిలో ఎలా రూపాంతరం చెందిందో గుత్తి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1800లో దత్తమండలాలు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. చివరిసారి ఈ సీమలో పర్యటిస్తూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయనను గుత్తి కోట దిగువన ఉన్న ఐరోపావాసుల శ్మశానవాటికలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు తరలించి, 1680లో ప్రతిష్ఠితమైన సెయింట్ మేరీ చర్చిలో ఉంచారు. ఆంగ్ల గ్రామంలో ఊరి చర్చి నిర్వహించే పాత్రను ఇక్కడ కోటలోని చర్చి నిర్వహించింది.

దేహం తరలిపోయినా స్మృతి సీమలోనే నిలిచింది. గుత్తిలో మన్రో పేర సత్రం, జలాశయం వెలిశాయి. పత్తికొండలో వనం పెంచి, మెట్లబావి కట్టారు. తెలుగువారు కీర్తిని నిలిపేవిగా భావించిన సప్తసంతానాలలో తటాకం, వనం ఉన్నాయి. సత్రం, బావి కూడా ఆ ధర్మానికి చెందినవే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేలలో నీరు, నీడ స్మారకాలు కావడం సహజం. పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకోవడంలోనూ ఈ సంతానభావన ఛాయ కనిపిస్తుంది.

అయితే వీటిని కేవలం ప్రజాభిమానానికి నిదర్శనాలుగా గ్రహించరాదు. మన్రో పేరుతో ముడివడిన రైత్వారీ విధానం రైతుకు పట్టా ఇచ్చినా, దాని ప్రధాన లక్ష్యాలలో కంపెనీకి శిస్తు రాబడి ఒకటి. పాలకుని స్మృతి సైతం స్థానిక ధర్మరూపాలను ఆశ్రయించక తప్పలేదన్నదే ఇక్కడ గమనార్హం.

కాబట్టి వలసపాలన కాలపు వారసత్వాన్ని నమోదు చేసేటప్పుడు సమాధులు, చర్చిలతో ఆగిపోకూడదు. సత్రాన్ని, బావిని, వనాన్ని, మనుషుల పేర్లను కూడా వాటి సరసన చేర్చాలి. అప్పుడే రాతి చరిత్రతో పాటు తెలుగు సమాజం ఆ రాతికి కల్పించిన అర్థమూ దక్కుతుంది.