బంగారం తీసేశాక మిగిలిన మట్టి

ఈసారి కాస్త కష్టమైన విషయం ఎంచుకున్నాను. నా తెలుగుకు ఇది పరీక్షే.

జోహన్నెస్‌బర్గ్‌కు పడమర క్రూగర్స్‌డార్ప్ అనే ఊరుంది. డర్బన్ నుంచి పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన పసుపు రంగు దిబ్బలు చూశాను. మొదట కొండలే అనుకున్నాను. కాదట. బంగారు గనుల రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన మట్టిని అక్కడ పోశారు. ఆ మట్టిలో యురేనియం కూడా ఉందని ఇంటికి వచ్చాక చదివాను.

1923లోనే ఆర్. ఎ. కూపర్ అనే ఆయన ఈ బంగారు రాతిలో యురేనియం ఖనిజం ఉందని రాశాడు. అప్పట్లో దానితో పెద్ద అవసరం లేదు కాబట్టి మట్టితో పాటు దిబ్బల మీదకే పోయింది. తరువాత అణుబాంబు వచ్చింది. 1945లో అమెరికా నుంచి జార్జ్ బేన్, బ్రిటన్ నుంచి డేవిడ్‌సన్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి గనులు చూశారు. టన్ను రాతిలో ఉన్నది కొన్ని వందల గ్రాములే. దాని కోసమే తవ్వితే గిట్టదు. కానీ బంగారం కోసం ఎలాగూ తవ్వారు, పిండి కూడా చేశారు కదా! ఆ ఖర్చంతా బంగారమే భరించింది.

చిక్కు ఆ తరువాత మొదలైంది. మట్టిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, మాంగనీస్ డయాక్సైడ్ కలిపితే యురేనియం కరుగుతుంది. దానితో పాటు ఇనుము, ఇంకా ఏవేవో కరుగుతాయి. వడకట్టిన తరువాత లీటరు ద్రవంలో యురేనియం ఒక గ్రాము కన్నా తక్కువే. రసంలో కరిగిన ఉప్పును గరిటెతో తీయమన్నట్టు ఉంది పని!

జవాబు రెజిన్. నిఘంటువులో ఈ మాటకు గుగ్గిలం అని ఉంది. పూజలో పొగ వేసేది గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇది చెట్టు నుంచి వచ్చేది కాదు, రసాయనంతో చేసిన చిన్న గింజలు, ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా ఉండదు. ఇలాంటి కృత్రిమ రెజిన్లను 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ మొదట తయారుచేశారు. ఈ గింజలకు ధనావేశం ఉంటుంది. ఆమ్లంలో కరిగిన యురేనియం సల్ఫేటుతో కలిసి ఋణావేశం పొందుతుంది. ఇనుము చాలావరకు అలా మారదు. గింజలు నింపిన పొడవైన గొట్టాల్లోంచి ద్రవాన్ని పంపితే, గింజ తన దగ్గరున్న నైట్రేటును వదిలేసి యురేనియాన్ని పట్టుకుంటుంది. ఇనుము నీటితో కిందికి పోతుంది. గింజలు నిండాక చిక్కటి నైట్రేటు ద్రావణంతో కడుగుతారు. అప్పుడు యురేనియాన్ని వదిలేసి మళ్ళీ నైట్రేటును తీసుకుంటాయి. కడిగిన నీటిలో అమ్మోనియా కలిపితే పసుపు ముద్ద అడుగున దిగుతుంది. దీన్ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో అయాన్ వినిమయం అంటారు. వినిమయం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. నాకు ఈ మాట చాలా నచ్చింది.

అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో గోడాన్ బృందం, బ్రిటన్‌లోనూ జోహన్నెస్‌బర్గ్‌లోనూ ఇంకొందరు దీని మీద రహస్యంగా పనిచేశారు. 1952 అక్టోబరు 8న క్రూగర్స్‌డార్ప్‌లోని వెస్ట్ రాండ్ కన్సాలిడేటెడ్ గనిలో ప్రధానమంత్రి మలాన్ మొదటి కర్మాగారాన్ని ప్రారంభించాడు. యురేనియం కొన్నది అమెరికా, బ్రిటన్. దేనికో చెప్పనక్కరలేదు.

ప్రయోగశాలలో అంత కనబడని తలనొప్పి ఒకటి గనుల్లో వచ్చింది. బంగారం తీయడానికి వాడిన సైనైడు ఆ మట్టిలో ఇంకా మిగిలి ఉంది. అది రాతిలోని కోబాల్టుతో కలిసి గింజల్ని పట్టుకునేది. మామూలుగా కడిగితే వదిలేది కాదు. కొంచెం కొంచెంగా చోటంతా ఆక్రమించేసరికి యురేనియానికి చోటు తగ్గేది. రెజిన్‌కి విషం ఎక్కింది అనేవారు. కొన్ని గనుల్లో చివరికి క్రమమే మార్చారు: ముందు ఆమ్లంతో యురేనియం, తరువాత సైనైడుతో బంగారం.

నేను చదివినవాటిలో రసాయన శాస్త్రవేత్తల పేర్లన్నీ ఉన్నాయి. రాయిని కింద నుంచి పైకి తెచ్చినవాళ్ళు దక్షిణాఫ్రికా, మొజాంబిక్, లెసోతోల నల్ల కార్మికులు. వాళ్ళ పేర్లు ఒక్కటీ కనబడలేదు. మొదట వెతకాలని నాకూ తోచలేదు, అది నా తప్పే.

1960ల్లో కొనుగోళ్ళు తగ్గాయి. గింజలు ఎప్పటిలాగే పట్టుకోగలవు, కానీ ఏ మట్టిని వాటి దగ్గరకు పంపాలో నిర్ణయించేది ధర. గిట్టని మట్టిని మళ్ళీ దిబ్బల మీదే పోశారు. 1923లో వ్యర్థం, 1952లో నిధి, మళ్ళీ వ్యర్థం.

2002లో క్రూగర్స్‌డార్ప్ దగ్గర మూతపడిన గనులు నీటితో నిండి పైకి పొంగాయి. గని ఆమ్లపు నీరు అది, లోహాలతో వచ్చింది. ఇప్పుడు దానికి సున్నం కలిపి శుద్ధి చేస్తున్నారు. ట్యూడర్ షాఫ్ట్ అనే చోట పేదవాళ్ళు గని వ్యర్థాల మీదే రేకుల ఇళ్ళు కట్టుకుని ఉండేవారు. రేడియోధార్మికత గురించి గొడవ అయ్యాక కొన్ని కుటుంబాలను వేరే చోటికి తరలించారు. మొదటి కర్మాగారం తెరిచింది కూడా ఈ ఊళ్ళోనే.