భారతీయ విజ్ఞాన సంస్థ: పరిశ్రమ కోసం పరిశోధన

బెంగళూరులో మల్లేశ్వరానికి, యశ్వంతపురానికి ఆనుకుని ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడింది. పైచదువుల కోసం, పరిశోధన కోసం మన దేశంలో ప్రత్యేకంగా నెలకొల్పిన తొలితరం సంస్థల్లో ఇది ముఖ్యమైనది. ఊళ్లో పాతతరం వాళ్లు ఇప్పటికీ దీన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుస్తారు. సి.వి. రామన్ పేరు వల్ల దీన్ని భౌతికశాస్త్రానికి నిలయంగా తలుచుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఇది పుట్టింది పరిశ్రమల అవసరం నుంచి. ఇక్కడి పరిశోధన ఫ్యాక్టరీ దాకా, పొలం దాకా, పొయ్యి దాకా ఎప్పుడు చేరిందో, ఎక్కడ ఆగిపోయిందో గమనిస్తే సంస్థ చరిత్ర బాగా అర్థమవుతుంది.

పుట్టుక

ఈ సంస్థ ఆలోచన పుట్టేనాటికే పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటా నాగపూర్‌లో బట్టల మిల్లు నడుపుతున్నాడు. ఇనుము, జలవిద్యుత్తు అతని తర్వాతి లక్ష్యాలు. యంత్రాన్ని విదేశాల నుంచి తెప్పించవచ్చు గానీ, దాన్ని నడిపే, మార్చే, కొత్తది తయారుచేసే నిపుణులు ఇక్కడే తయారు కావాలన్నది అతని పట్టుదల. 1893లో యోకోహామా నుంచి వాంకూవర్ వెళ్లే ఓడలో అతనికి వివేకానందుడు తోటి ప్రయాణికుడు. 1898 నవంబరులో టాటా ఆ పరిచయాన్ని గుర్తుచేస్తూ తన సంకల్పానికి తోడ్పడమని స్వామికి ఉత్తరం రాశాడు. ఆ ఏడాది చివరి రోజున, వైస్రాయ్ కర్జన్ బొంబాయిలో దిగిన మర్నాడే, పరిశోధన సంస్థ పథకం ముసాయిదా కర్జన్ ముందుకు వెళ్లింది. దాన్ని తయారుచేసింది బుర్జోర్జీ పాద్షా. పశ్చిమ దేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చిన మనిషి.

టాటా బొంబాయిలోని తన సొంత భవనాలను రాసిచ్చాడు. వాటి విలువ 30 లక్షల రూపాయలు. కర్జన్‌కు మాత్రం రెండు సందేహాలు: ఇంత చదువు చదవడానికి కుర్రాళ్లు వస్తారా, వచ్చినా చదువయ్యాక వాళ్లకు ఉద్యోగాలెక్కడ? రెండో సందేహాన్ని తోసిపుచ్చడం కష్టం. పరిశ్రమలే లేని చోట పారిశ్రామిక పరిశోధకుడికి పనిచ్చేదెవరు?

రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే దేశమంతా తిరిగి చూసి బెంగళూరును సూచించాడు. వాతావరణం బాగుంది, మైసూరు సంస్థానం చేయి కలపడానికి ముందుకొచ్చింది. సంస్థానం 371 ఎకరాల భూమి ఇచ్చింది. శివసముద్రంలో 1902లోనే జలవిద్యుత్ కేంద్రం మొదలై కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్తోంది కాబట్టి ఎలక్ట్రికల్ ఇంజనీరుకు ఆ సంస్థానంలో నిజంగానే పని ఉంది. టాటా మాత్రం 1904లో కన్నుమూశాడు. ప్రభుత్వ ఉత్తర్వు 1909 మే 27న వచ్చింది. తొలి విద్యార్థులు 1911 జులైలో చేరారు, రసాయనం, ఎలక్ట్రికల్ విభాగాల్లో. అసలు ముసాయిదాలో వైద్యం, చరిత్ర, అర్థశాస్త్రం కూడా ఉన్నాయి. అవన్నీ పక్కకు పోయాయి. అర్థశాస్త్రం 1940ల చివర గానీ తిరిగి రాలేదు. నేటి మేనేజ్‌మెంట్ విభాగానికి మూలం అదే.

గంధపు నూనె

మొదటి డైరెక్టర్ మోరిస్ ట్రావర్స్, రామ్సేతో కలిసి నియాన్, క్రిప్టాన్, జినాన్ వాయువులను కనుగొన్నవాడు. 1914లో అతను వెళ్లిపోయాడు. అదే ఏడాది వచ్చిన మొదటి ప్రపంచ యుద్ధం సంస్థకు తొలి పెద్ద పరీక్ష పెట్టింది.

మైసూరు గంధపు చెక్క వేలంలో అమ్ముడై చాలావరకు జర్మనీకి వెళ్లేది. నూనె అక్కడ తీసేవారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, చెక్క గుట్టలుగా మిగిలిపోయింది. సంస్థానానికి పెద్ద రాబడి పోయినట్టే. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ ఇంటిపేరు మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం ఊరిది, పూర్వీకులు అక్కడివారు. సంస్థానంలో పరిశ్రమల వ్యవహారాలు చూసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్, విజ్ఞాన సంస్థ రసాయన విభాగంలోని సడ్‌బరో, వాట్సన్ కలిసి పనికి దిగారు.

గంధంలో నూనె ఉండేది చేవలోను, వేళ్లలోను. పైన తెల్లగా ఉండే భాగంలో దాదాపు ఏమీ ఉండదు. చేవను ముక్కలు చేసి, పొడిగొట్టి, ఆవిరి పట్టిస్తారు. నూనె ఆవిరితో కలిసి పైకి వచ్చి చల్లబడ్డాక నీటి మీద తేలుతుంది. దాని సాంద్రత నీటికి చాలా దగ్గర కాబట్టి తొందరపడితే విడిపోదు. చేవ గట్టిది, నూనె బరువైనది, ఒక్కో విడతకు చాలా సమయం పడుతుంది. ఆవిరి ఎంత, పొడి ఎంత సన్నగా, ఏ దశలో ఆపాలి అన్నవన్నీ ప్రయోగశాలలో తేల్చుకోవాల్సినవే. తేల్చుకున్నారు. 1916లో బెంగళూరులో నూనె ఫ్యాక్టరీ మొదలైంది, తర్వాత మైసూరులోనూ వచ్చింది. లండన్‌లో సబ్బు తయారీ నేర్చుకొచ్చిన ఎస్.జి. శాస్త్రి చేతుల మీదుగా మైసూర్ శాండల్ సబ్బు పుట్టింది.

ఈ విజయంలో ముడిసరుకు సంస్థానానిది, డబ్బు సంస్థానానిది, ఫ్యాక్టరీ సంస్థానానిది. సంస్థ ఇచ్చింది పరిజ్ఞానం. ఈ నాలుగూ ఒక్కచోట కలవడం ఆ తర్వాత చాలాకాలం జరగలేదు.

విమానాలు, రాకెట్లు

1920లు, 30లు ఎక్కువగా వాదోపవాదాల్లో గడిచాయి. శుద్ధ విజ్ఞానమా, పరిశ్రమకు పనికొచ్చేదా అని సమీక్షా సంఘాలు వచ్చి నివేదికలు ఇచ్చి వెళ్లాయి. 1933లో రామన్ తొలి భారతీయ డైరెక్టర్ అయ్యాడు. భౌతికశాస్త్ర విభాగం వెలిగింది, పాలకమండలితో పొత్తు చెడింది, 1937లో పదవి వదిలి ఆచార్యుడిగా మిగిలాడు.

మళ్లీ యుద్ధమే, ఈసారి రెండో ప్రపంచ యుద్ధం, మలుపు తిప్పింది. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి 1940లో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టాడు. రెండేళ్లకు, జె.సి. ఘోష్ డైరెక్టర్‌గా ఉండగా, సంస్థలో ఏరోనాటికల్ విభాగం వచ్చింది. గోటింగెన్‌లో ప్రాంట్ల్ శిష్యుడైన వి.ఎం. ఘాట్గే ఇక్కడ పాఠాలు చెప్పి, తర్వాత కంపెనీకి వెళ్లి హెచ్‌టీ-2 శిక్షణ విమానం రూపొందించాడు. అది 1951లో ఎగిరింది. పాఠం చెప్పిన మనిషే డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చోవడం వల్ల క్లాసుకూ హ్యాంగర్‌కూ దూరం తగ్గింది.

మైక్రోవేవ్ ఇంజనీరింగ్‌లో రాజేశ్వరీ ఛటర్జీ, భర్త శిశిర్ కుమార్ ఛటర్జీ కలిసి ప్రయోగశాలను నిలబెట్టారు. 1957 నుంచి 62 వరకు డైరెక్టర్ సూరి భగవంతం, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవాడు. అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర ఆచార్యుడు, ఉస్మానియా వైస్ చాన్సలర్. ఇక్కడినుంచి రక్షణ మంత్రికి విజ్ఞాన సలహాదారుగా వెళ్లాడు. విశ్వవిద్యాలయ హోదా 1958లో అతని హయాంలోనే వచ్చింది.

తర్వాత డైరెక్టరైన సతీష్ ధవన్ 1981 దాకా ఉన్నాడు. అంతకుముందు, సంస్థలో చేరిన కొత్తలో, అంగుళాల్లో కొలిచే చిన్న సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌తో మొదలుపెట్టాడు. 1972లో ఇస్రో బాధ్యత నెత్తిన పడినప్పుడు కూడా సంస్థను వదల్లేదు, రెండు పదవులూ కలిపి నడిపాడు. విశ్వవిద్యాలయ ఆచార్యులు రాకెట్ సమస్యల మీద, రాకెట్ ఇంజనీర్లు ఆచార్యుల ప్రయోగశాలల్లో పనిచేయడం అప్పుడు మామూలైంది. శ్రీహరికోట కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టడం ఎంతో సముచితం.

పల్లెబాట

1974లో ఎలక్ట్రోకెమిస్ట్ అమూల్య రెడ్డి ‘అస్త్ర’ అనే విభాగం ప్రారంభించాడు. గ్రామాలకు సరిపడే సాంకేతికత దాని లక్ష్యం. తుమకూరు జిల్లాలోని ఉంగ్ర దగ్గర క్షేత్రకేంద్రం పెట్టి, చుట్టుపక్కల ఊళ్లలో ఇంధనం లెక్క తీశారు. ఖర్చులో సింహభాగం వంటచెరకుదని, దాన్ని ఏరి మోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ అని తేలింది. పాతరకం పొయ్యిలో కట్టెల వేడిలో గిన్నెకు చేరేది పదో వంతు లేదా అంతకన్నా తక్కువ. కింద ఇనుప జల్లెడ, మూడు గిన్నెలకు చోటు, పొగగొట్టం ఉన్న ‘అస్త్ర ఒలె’ అనే మట్టిపొయ్యి ఆ లెక్కలోంచి వచ్చింది.

పుర అనే చిన్న ఊళ్లో ఇంకా విలువైన అనుభవం ఎదురైంది. ఊరి పేడంతా కలిపి బయోగ్యాస్ తీసి అందరి వంటకూ ఇద్దామనుకున్నారు. గ్యాస్ చాలలేదు, పథకం ఆగింది. ఊరివాళ్లను అడిగితే ముందు తాగునీరు కావాలన్నారు. అదే గ్యాస్‌ను ఇంజన్‌కు పెట్టి, బోరు నీళ్లు తోడి ఇళ్లకు కొళాయిలు ఇచ్చి, దీపాలు వెలిగించారు. 1987 నుంచి అది చాలా ఏళ్లు నడిచింది. నిర్వహణ ఊరివాళ్లదే. నా లెక్కలో ఈ సంస్థ చేసిన గొప్ప ఇంజనీరింగ్ పనుల్లో ఇదొకటి. మొదటి సమాధానం తప్పితే ప్రశ్ననే మార్చుకున్నారు.

కంపెనీలు

1975లో పరిశ్రమలకు సలహాలిచ్చే కేంద్రం ఏర్పడింది. ఆచార్యులే కంపెనీ పెట్టడం మాత్రం 2000 ప్రాంతంలో మొదలైంది. కంప్యూటర్ సైన్స్ ఆచార్యులు కొందరు ఎన్‌కోర్ కంపెనీతో కలిసి సింప్యూటర్ తయారుచేశారు: చేతిలో పట్టే, తాకితే పనిచేసే, భారతీయ భాషల్లో మాట్లాడే చవక కంప్యూటర్. ఐఫోన్‌కు కొన్నేళ్ల ముందు మాట ఇది. ఆలోచనలో లోపం లేదు. తయారుచేసి, అమ్మి, ఊరూరా బాగుచేసే వ్యవస్థ వెనక లేకపోవడంతో అమ్మకాలు సాగలేదు. అదే బృందంలోని ఆచార్యులు పెట్టిన స్ట్రాండ్ జీనోమిక్స్ మాత్రం నిలబడి, జన్యు పరీక్షల రంగంలోకి వెళ్లింది.

ఆ తర్వాత క్యాంపస్‌లోనే కొత్త కంపెనీలకు చోటిచ్చే ఏర్పాటు వచ్చింది. ఉపగ్రహాలను కక్ష్యలో కదిలించే ఇంజన్లు చేసే బెల్లాట్రిక్స్, వేడికి చెడిపోని టీకాల మీద పనిచేసే మైన్‌వాక్స్ అక్కడ పెరిగాయి. నానోసైన్స్ విభాగం నుంచి వచ్చిన పాథ్‌శోధ్, మధుమేహ రోగి రక్తంలో, మూత్రంలో అనేక సూచికలను కొలిచే చేతి పరికరం చేసింది.